మట్టి మిద్దెకు మరమ్మతు

వైశాఖము ముగిసి తొలకరి మబ్బులు కనిపించు వేళకు రాయలసీమ పల్లెలలో పూర్వము ఒక పని తప్పక జరుగుచుండెడిది. ఊరి వెలుపలి చౌడు నేలనుండి మన్ను త్రవ్వి, బండ్లమీద ఇంటి ముంగిటికి తోలి, గంపలతో నిచ్చెనమీదుగా మిద్దెపైకి చేరవేసెడివారు. ఇంటివారు, ఇరుగుపొరుగువారు, చుట్టములు అందరును చేయి వేసెడివారు. ఈనాడు మీ మిద్దె, రేపు మా మిద్దె. చిల్లులు పూడ్చి, పాత మన్నును సరిచేసి, క్రొత్త చౌడు పరచి, చదును చేసి దిగినచో ఆ యేటి వానలకు ఇక భయము లేదు.

నేడు ఆ పని చాల ఊళ్లలో తగ్గిపోయినది. పనితోపాటు ఇండ్లును తగ్గిపోవుచున్నవి. తలుపునకు తాళము వేసి పట్టణమునకు పోయినవారి మిద్దె, రెండు మూడు వానకాలములు గడచునప్పటికి కారుట మొదలుపెట్టును. దూలము పుచ్చును. ఒకనాటి రాత్రి కప్పు కూలును. అప్పుడు అందరును "పాత ఇల్లు, పడిపోయినది" అందురు. ఇల్లు పాతబడి పడిపోలేదు. చూచువారు లేక పడిపోయినది. ఈ రెంటికిని చాల భేదము కలదు.

పాత పల్లెటూరి ఇండ్లను బాగుచేసికొని వాడుకొనుట సాధ్యమా, సాధ్యమైనచో లాభమా, అను ప్రశ్నను ఇక్కడ కొంత విచారింతము. తెలుగునాట ఒక్కొక్క సీమకు ఒక్కొక్క తీరు ఇల్లు కలదు. ఉత్తర కోస్తాలో గాలివానకు ఒదిగి నిలుచు చుట్టిల్లు, గోదావరి జిల్లాలలో నడుమ ఆకాశము కనిపించు మండువా లోగిలి, రాయలసీమలో మట్టి మిద్దె. అన్నిటిని గూర్చి ఒకసారి చెప్పుట కుదరదు. కనుక మాకు బాగుగా పరిచయమున్న మిద్దెనే ఉదాహరణముగా తీసికొందుము. దీనికి వర్తించు సూత్రములు చాలవరకు తక్కిన ఇండ్లకును వర్తించును.

మిద్దె ఎట్లు కట్టుదురో మొదట చూతము. గోడలు ఆ చుట్టుపట్ల దొరకు రాతితో, బురదమన్ను అడుసుగా వాడి, సుమారు రెండడుగుల మందమున లేపుదురు. గోడలమీద దూలములు, దూలములమీద అడ్డముగా దంతెలు, దంతెలమీద చీల్చిన కట్టె గాని నాపబండ గాని పరతురు. దానిపై ఆకు, అలము, కసవు; దానిపై ఎర్రమన్ను; చిట్టచివర చౌడు. కప్పు చూచుటకు చదునుగా కనిపించినను ఒక ప్రక్కకు కొలదిగా వాలియుండును. ఆ వాలు చివర నీరు పోవుటకు దోనె అమర్చుదురు. నడిమింటి కప్పులో గవాచి అను రంధ్రముండును. పగలు వెలుతురు దానినుండి దిగును, వంటింటి పొగయు ఇంటిలోని వేడిగాలియు దానినుండి ఎక్కిపోవును. వాన వచ్చినచో దానిపై ఒక బండ కప్పుదురు.

ఇందులో చౌడు సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. చౌడు నేలలో పైరు సరిగా పండదు. ఆ మన్నులో సోడియము లవణములు ఎక్కువగా నుండును. తడి తగులగానే బంకమన్ను రేణువులు ఒకదానినొకటి వీడి, సన్నని నలుసులుగా విడిపోయి, సందులన్నిటిని పూడ్చివేయును. ఆపైన నీరు లోపలికి దిగదు, వేళ్లకు గాలియు అందదు. రైతును ఏడిపించు ఆ గుణమే ఇంటి కప్పునకు కావలసిన గుణము. రసాయన శాస్త్రము చదువని మన పెద్దలు పంటకు పనికిరాని మన్నును తెచ్చి, నీరు దిగరాని చోట పరచిరి. దీనిని మూఢాచారమనుటకు వీలులేదు. ఇది పరీక్షించి తెలిసికొన్న విద్య.

మందపు గోడ, మందపు కప్పు ఎండవేడిమిని చాల మెల్లగా పీల్చుకొనును. బయట మధ్యాహ్నపు ఎండ మండుచుండగా లోపల చల్లగా నుండుటకు కారణమిదియే. పగలు పీల్చిన వేడి లోపలికి చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకును. ఆ వేళకు ఇంటిల్లిపాదియు చాపలు చుట్టుకొని మిద్దెపైకి చేరి, ఆరుబయట పండుకొందురు. ఇంటి కట్టడమును, మనుష్యుల దినచర్యయు ఇట్లు ఒకదానికొకటి అతికినట్లుండెడివి. అనంతపురము, కర్నూలు ఎండలలో పలుచని సిమెంటు కప్పు క్రింద పగలు గడపినవారికి ఈ భేదము వేరుగా చెప్పనక్కరలేదు.

అట్లయినచో ఈ ఇండ్లు ఎందుకు పాడగుచున్నవి? మొదటి కారణము ఏటేటి పని మానుట. రెండవ కారణము విచిత్రమైనది. బాగుచేయవలెనను ఉద్దేశముతోనే వానిని మనము పాడుచేయుచున్నాము. ఈ విషయమున మేము ఇతరులకు నీతులు చెప్పదగినవారము కాము. మా పెద్దలనాటి ఇంటిగోడ పూత రాలుచున్నదని, శాశ్వతముగా నిలిచిపోవునని, లోపలను వెలుపలను సిమెంటు పూయించితిమి. చూచినవారందరు మెచ్చుకొనిరి. రెండు వానకాలములు గడచెను. మూడవ యేట గోడ మోకాలి ఎత్తున ఉబ్బెను. పూతను తట్టి చూడగా డొల్ల చప్పుడు వచ్చెను. పెచ్చు ఊడదీయగా దాని వెనుక మన్ను తడిసి ముద్దయై యుండెను. ఊరిలోని ముసలి మేస్త్రీ వచ్చి చూచి, "గోడకు చెమట పోయే దారి మూసిపెడితిరి సామీ, ఇంక జరం రాక యేమైతాది?" అనెను. పనిచేసినవానిని నిందించుటకు లేదు. కోరి చేయించినది మేమే.

ఆ ముసలివాని మాటలో శాస్త్రమంతయు ఇమిడియున్నది. నేలలోని తేమ దీపపువత్తిలో నూనె ప్రాకినట్లు గోడలోనికి ఎగబ్రాకును. మట్టిపూత గాని సున్నపుపూత గాని ఉన్నచో ఆ తేమ పూతగుండా బయటికి వచ్చి గాలిలో ఆరిపోవును. సిమెంటు పూత దట్టమైనది. తేమను సులభముగా పోనీయదు. బయటికి దారిలేని తేమ ఇంకను పైకెక్కును. దానితో వచ్చిన లవణములు పూత వెనుక గడ్డకట్టి దానిని నెట్టును. పైగా సిమెంటు బిగువైనది, మట్టిగోడ మెత్తనిది. ఎండకు, తడికి రెండును ఒకే తీరున కదలవు. కనుక పూత పగులును. పగులులో వాననీరు దూరును. దూరిన నీరు తిరిగి రాలేదు. గోడను కాపాడుటకు వేసిన పూత గోడను లోలోపల తినివేయును.

కావున పాత కట్టడములను బాగుచేయుటలో మొదటి సూత్రము ఇది: ఏ వస్తువుతో కట్టిరో ఆ వస్తువుతోనే, లేదా దానికి సాటియైన మెత్తని వస్తువుతోనే మరమ్మతు చేయవలెను. మట్టిగోడకు మట్టి, సున్నపుగోడకు సున్నము.

సున్నమనగానే నేటివారికి గోడకు కొట్టు వెల్ల మాత్రమే స్ఫురించును. మన పూర్వులకు అది కట్టడపు ప్రాణము. 1591వ సంవత్సరములో లేచిన చార్మినారు సున్నపు అడుసుతోనే నిలిచినది. సున్నపురాతిని గాని, నత్తగుల్లలను గాని బట్టీలో కాల్చి, నీట విరియబోసి, కొన్ని వారములు నాననిచ్చి, ఇసుకతో కలిపి ఎద్దులు త్రిప్పు గానుగలో వెన్నవలె నూరెడివారు. మేలైన పనికి కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లపునీరు కలిపెడివారు. ఈ గానుగసున్నము ఒక్కరోజులో గట్టిపడదు. కాల్చునప్పుడు రాయి విడిచిన బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును, గాలినుండి మరల కొంతకొంతగా పీల్చుకొని నెలల తరబడి గట్టిపడును. రాయి పొడియై, పొడి మరల రాయి అగును. సన్నని పగులు వచ్చినను వాననీటిలో కరిగిన సున్నమే ఆ పగులును కొంతవరకు పూడ్చుకొనును.

సున్నపు బట్టీకి సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి చాలును. సిమెంటు బట్టీకి సుమారు 1450 డిగ్రీలు కావలెను. నేడు ప్రపంచమంతటను మనుష్యులు వాతావరణములోనికి వదలుచున్న బొగ్గుపులుసు వాయువులో ఇంచుమించు 7, 8 శాతము సిమెంటు తయారీనుండియే వచ్చుచున్నదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. వంతెనలకు, ఆనకట్టలకు సిమెంటు లేనిది గడవదు. ఆ సంగతి మేము కాదనము. అయితే నిలిచియున్న ఇంటిని కూల్చి, అదే చోట ఇంకొక ఇంటిని సిమెంటుతో కట్టునప్పుడు మనము రెండు విధముల నష్టపోవుచున్నాము. పాత ఇంటిలో ఇమిడిన రాయి, కలప, మనుష్యుల శ్రమ వృథా అగును; క్రొత్త ఇంటికై మరల కొండ త్రవ్వి, బొగ్గు కాల్చవలసివచ్చును.

ఇక మరమ్మతు చేయు క్రమము. దీనిలో చాలమంది పొరపడుదురు. కంటికి కనిపించునది గోడ కనుక గోడతో ఆరంభింతురు. ఆరంభింపవలసినది కప్పుతో. కప్పు కారుచుండగా గోడకు ఎంత పూసినను నిలువదు. కప్పు అయిన పిమ్మట ఇంటిచుట్టు నీటిదారి చూడవలెను. ఇటీవల వీధులకు సిమెంటు రోడ్లు వేసి, ఏటేటికి వానిని ఎత్తుచేయుటవలన ఎన్నో పాత ఇండ్ల గడపలు వీధికంటె పల్లమైపోయినవి. వాననీరు గోడ మొదటనే నిలుచుచున్నది. గోడ వెంబడి చిన్న కాలువ తీసి ఆ నీటిని దూరముగా పంపినచో సగము రోగము కుదురును.

మూడవది కలప. దూలము నడుమ గట్టిగనే యుండును. గోడలో దూరిన కొన పుచ్చును. తడి అక్కడనే చేరుట దీనికి కారణము. సుత్తితో తట్టిన చప్పుడునుబట్టి, ఉలి మొన దిగిన లోతునుబట్టి ఎంతవరకు పుచ్చినదో వడ్రంగి చెప్పగలడు. అంతవరకు కోసి, అదే జాతి కలపతో అతుకువేసి, క్రింద ఒక గుంజ నిలిపినచో దూలమంతయు మార్చనక్కరలేదు. ఇవన్నియు ముగిసిన తరువాతనే గోడ, దానిపై పూత. పూతకు ఎర్రమన్ను, ఇసుక, తరిగిన వరిగడ్డి కలిపి కొన్నినాళ్లు మాగనిచ్చిన అడుసు శ్రేష్ఠము.

ఇంతవరకు పాత ఇండ్ల గుణములు చెప్పితిమి. వాని దోషములు చెప్పక దాటవేయుట అన్యాయమగును. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో భూకంపము వచ్చి, కిల్లారి మొదలగు గ్రామములు నేలమట్టమైనవి. నిద్రలో నున్న వేలమంది మరణించిరి. అక్కడి ఇండ్లు మన మిద్దెలకు దగ్గరి చుట్టములే: బురదమన్నుతో పేర్చిన మందపు రాతిగోడలు, పైన దట్టమైన మట్టికప్పు. గోడకు లోపలి వరుస, వెలుపలి వరుస వేరువేరుగా పేర్చి, నడుమ చిల్లరరాళ్లు నింపిరి. రెండు వరుసలను కలిపి పట్టు నిడుపాటి రాళ్లు లేవు. భూమి కదలగానే వరుసలు చెరియొక వైపునకు విడిపోయినవి. ఏండ్లతరబడి మన్నుమీద మన్ను వేయుటచే బరువెక్కిన కప్పులు నిద్రించువారిమీద పడినవి.

ఈ దుర్ఘటన మనకు చెప్పునది ఏమి? పాతవన్నియు కూల్చుడని కాదు. తెలిసి బాగుచేయుడని. మిద్దెకు క్రొత్త మన్ను వేయుటకు ముందు, బలము ఉడిగిన పాత మన్నును అంత మేరకు తీసివేయవలెను. కప్పు మందము ఏటేట పెరుగరాదు. గోడలో అక్కడక్కడ రాళ్లు ఊడదీసి, లోవరుసనుండి వెలివరుసవరకు పట్టు కట్టురాళ్లు దూర్చవలెను. మూలలవద్దను, కప్పు క్రిందను గోడలన్నిటిని చుట్టి బిగించు పట్టీ యుండవలెను. కిల్లారి భూకంపము తరువాత ఇంజనీర్లు సూచించిన పద్ధతులలో ఇవి ముఖ్యమైనవి. పెద్దల విద్యకు నేటి విద్య తోడుకావలసిన చోటు ఇదియే. మేస్త్రీ ఒక్కడును చాలడు, ఇంజనీరు ఒక్కడును చాలడు.

పాతకాలపు ఇండ్లన్నియు భూకంపమునకు లొంగునవి కావని చెప్పుటకును నిదర్శనము కలదు. 2001 జనవరి 26వ తేదీన గుజరాతులోని కచ్ఛ ప్రాంతము భూకంపముచే అల్లకల్లోలమైనప్పుడు, అక్కడి భుంగా అను గుండ్రని ఇండ్లు అనేకము నిలిచినవి. గుండ్రని గోడకు విడిపోవు మూలలు లేవు, కప్పు తేలిక. మన చుట్టింటికి అవి దూరపు బంధువులు. మరల 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనకు మట్టి ఇల్లును, పూరిల్లును ఆగలేదు. అట్టి తీరములలో ఎత్తైన గట్టి తుపాను రక్షణ భవనములు ఉండితీరవలెను. ఏ ఇల్లు ఎక్కడ, ఏ ఆపదకు తాళునో వివేకముతో చూచి నిర్ణయించుకొనవలసినదే గాని, పాతది గనుక మంచిదనుట గాని, పాతది గనుక చెడ్డదనుట గాని తగదు.

ఇప్పుడు లాభనష్టముల మాట. క్రొత్త సిమెంటు ఇంటికి పెట్టు డబ్బులో పెద్దపాలు సిమెంటునకును ఇనుమునకును పోవును. అవి ఊరిలో పుట్టునవి కావు. మరమ్మతులో పెద్దపాలు కూలికి పోవును. రాతిపనివాడు, వడ్రంగి, సున్నపు బట్టీవాడు, మన్ను తోలువాడు, అలుకుటలో ఆరితేరిన స్త్రీలు, వీరందరును ఊరివారే. ఆ డబ్బు మరల ఊరి అంగడిలోనే చేతులు మారును. 1936లో వార్ధా సమీపమునకు చేరిన గాంధీజీ సేవాగ్రామములో మట్టి కుటీరముననే నివసించెను; ఆ కుటీరములు ఏటేటి సంరక్షణవలన నేటికిని నిలిచియున్నవి. కేరళలో వేలకొలది జనులకు తక్కువ ఖర్చుతో ఇండ్లు కట్టి చూపిన లారీ బేకర్, ఇంటికి కావలసిన వస్తువులు అయిదు మైళ్లలోపున దొరకవలెనని గాంధీజీ తనకు చెప్పిన మాటను జీవితాంతము పాటించెను.

ఇల్లు కేవలము నివాసము కాదు, అనేకులకు అది పనిచోటు. పోచంపల్లి, మంగళగిరి వంటి నేత ఊళ్లలో గుంట మగ్గము మట్టినేలలోనే ఇమిడియుండును. నేలలోని చెమ్మ నూలును మెత్తగా నుంచును. పోగు తెగుట తగ్గును. ఇంటికి బండలు పరచి, గుంట పూడ్చి, సిమెంటు కప్పు వేసిన తరువాత పొడిగాలికి పోగులు తెగుచున్నవని నేతగాండ్రు చెప్పుదురు. పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా ఎన్నుకొన్నది. అక్కడికి వచ్చువారు చూడగోరునది చీరను మాత్రమే కాదు, అది నేయబడు ఇంటిని, ఆ మగ్గమును గూడ. తాళము పడియున్న లోగిలి ఊరికి గ్రంథాలయముగనో, నేతశాలగనో, అతిథిగృహముగనో మారవచ్చును. వాడుకలో నున్న ఇంటికి చెద త్వరగా పట్టదు.

రేపటివారి అవసరములకు లోటు రాకుండ నేటివారు తమ అవసరములు తీర్చుకొనుటయే నిలుకడగల అభివృద్ధియని 1987లో ఐక్యరాజ్యసమితి నియమించిన సంఘము నిర్వచించెను. 1999లో మెక్సికోలో సమావేశమైన అంతర్జాతీయ కట్టడముల సంరక్షణ మండలి గ్రామీణ కట్టడములను గూర్చి ఒక ప్రకటన చేసి, గోడలను కాపాడుటతో సరిపెట్టక, వానిని కట్టు విద్యను, ఆ విద్య తెలిసినవారిని గూడ కాపాడవలెనని చెప్పెను. మా అభిప్రాయమున ఇదియే అన్నిటికంటె తొందరగా చేయవలసిన పని. గోడ కూలినచో తిరిగి కట్టవచ్చును. అడుసు ఎన్నాళ్లు మాగవలెనో, ఏ చెరువుమన్ను పూతకు ఒప్పునో, ఏ చౌడు మేలైనదో ఎరిగిన ముసలివాడు పోయినచో ఎవరిని అడుగుదుము?

"ఏటేట ఈ చాకిరి ఎవరు చేయుదురు?" అని కొందరు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మిద్దెపైకి మన్ను మోయుట కష్టము. పిల్లలు ఊరు విడిచిన ఇంట ముసలివారికి ఇంకను కష్టము. కనుకనే దీనిని ఒక్కొక్క ఇంటి భారముగా విడువక, వేసవిలో ఊరు కలిసి చేయు పనిగా మరల నిలుపుకొనవలెను. నలుగురు యువకులు ఈ పని నేర్చి కూలికి చేసినచో అది వారికి జీవనమగును. రెండవ చిక్కు పరువు. క్రొత్త ఇల్లు కట్టినవానిని ఊరు గౌరవించును. పాత ఇల్లు బాగుచేసికొన్నవానిని చూచి "పాపము, చేతిలో లేక" అనును. పక్కా ఇల్లు అనగా సిమెంటు ఇల్లే అను భావము మన మనస్సులలో నాటుకొన్నది. తాతలనాడు కట్టి, మూడు తరములు నిలిచిన ఇంటిని కచ్చా ఇల్లనుట ఎంతవరకు సబబో మనమే ఆలోచించుకొనవలెను.

ఈ ప్రసంగమును వినుచున్నవారిలో, చదువుచున్నవారిలో పలువురకు ఊరిలో ఇట్టి ఇల్లు ఒకటి ఉండును. ఈమారు ఊరికి పోయినప్పుడు తాళము తీసి, తలయెత్తి కప్పు చూడుడు. దూలపు కొనలు తట్టి చూడుడు. ఊరిలో మిద్దె పని ఎరిగిన మేస్త్రీ ఇంకను ఉన్నచో పిలిచి, గంటసేపు కూర్చుండబెట్టి, ఆయన చెప్పినది కాగితముమీద వ్రాసికొనుడు. వ్రాసికొన్నదానిని ఇంటి పిల్లలకు చదివి వినిపింపుడు. మా ఇంటిగోడ సిమెంటు పూతను మేము ఆ ముసలి మేస్త్రీ చేతనే ఒలిపించి, మట్టిపూత పూయించితిమి. గోడ ఆరుటకు ఒక వేసవి పట్టినది. ఇప్పుడు చేయి పెట్టి చూచినచో పొడిగా నున్నది.